పెద్ద బ్యాంకులో క్వాంట్ ఉద్యోగం: సంతకానికి ముందు తేల్చుకోవలసినవి

వరంగల్ నిట్‌లో గాని, కాకతీయ విశ్వవిద్యాలయంలో గాని గణితమో గణాంకశాస్త్రమో చదివిన విద్యార్థికి ఒక అంతర్జాతీయ బ్యాంకు నుంచి ‘క్వాంటిటేటివ్ అనలిస్ట్’ (క్లుప్తంగా క్వాంట్, అంటే గణిత మోడళ్లతో ధరలూ ప్రమాదాలూ లెక్కగట్టే మనిషి) హోదాతో ఆఫర్ లెటర్ వస్తే, ఇంట్లో సంతోషంతో పాటు అయోమయం కూడా మొదలవుతుంది. ఉత్తర తెలంగాణలో బ్యాంకు ఉద్యోగమంటే పీవో పరీక్ష రాసి, ఊరూరా బదిలీలకు ఓర్చుకుని, రిటైరయ్యే దాకా నిశ్చింతగా ఉండే కొలువు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస బ్యాంకు ప్రధాన కార్యాలయం ఏళ్ల తరబడి వరంగల్‌లోనే ఉండేది. దాని తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి గాని, అలాంటి కొలువు మీద ఇక్కడి కుటుంబాల్లో ఉన్న గురి మాత్రం తగ్గలేదు. దీనికి పూర్తిగా ఎదురుగా మరో భయం ఉంది. ఆప్షన్లు, డెరివేటివ్‌లు అన్న మాటలు చెవిన పడగానే పెద్దవాళ్లకు షేర్లు ఆడి అప్పులపాలైన బంధువులు గుర్తుకొస్తారు. ఆ భయం ఉత్తది కాదు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టాల మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని 2024 సెప్టెంబరులో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీయే ప్రకటించింది.

పెద్ద బ్యాంకులో క్వాంట్ పని పీవో కొలువూ కాదు, షేర్లు ఆడటమూ కాదు. ఆ పనిని ఒప్పుకోవాలా వద్దా అన్నది బ్యాంకు పేరును బట్టి గాని, ఆఫర్ లెటర్ అడుగున రాసిన మొత్తాన్ని బట్టి గాని తేలదు. కొత్తగా చేరే మనిషి లెక్కగట్టిన అంకె ఎవరి చేతికి పోతుంది, అది తప్పని తేలితే ఏం జరుగుతుంది అన్నవి తెలిస్తేనే ఆఫర్ విలువ తెలుస్తుంది. ఒకే బ్యాంకులో, ఒకే హోదా పేరుతో, ఒకే జీతానికి రెండు ఉద్యోగాలు ఉండవచ్చు. వాటిలో ఒకటి అయిదేళ్లలో మనిషిని నిపుణుణ్ణి చేస్తుంది, ఇంకొకటి అదే అయిదేళ్లలో చదివిన గణితాన్ని మరిపిస్తుంది.

ఈ తేడా అర్థం కావడానికి ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతు చేతిలో ఉన్న హక్కును చూస్తే చాలు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. బయట ధర అంతకన్నా ఎక్కువ పలికితే రైతు ప్రైవేటు వ్యాపారికి అమ్ముకోవచ్చు, పడిపోతే ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కేంద్రానికి తీసుకుపోవచ్చు. అమ్మే హక్కు రైతుది, కొనే బాధ్యత ప్రభుత్వానిది. ఫైనాన్స్ పాఠ్యపుస్తకాల్లో ‘పుట్ ఆప్షన్’ అని చెప్పేది అచ్చంగా ఇదే, కాకపోతే రైతు దీనికి ప్రీమియం, అంటే ఆ హక్కు కోసం ముందుగా ఇచ్చే వెల, కట్టడు. ఇలాంటి మాటను ఒక బ్యాంకు ఒక కంపెనీకి అమ్మితే ఎంత తీసుకోవాలి? గడువు ఎంత ఉంది, ఈలోగా ధరలు ఎంతగా ఊగుతాయి, వడ్డీ రేటు ఎంత అన్నవి చూసి ఆ వెల కట్టే పద్ధతిని 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్, రాబర్ట్ మెర్టన్ గణితంలో పెట్టారు. షోల్స్, మెర్టన్‌లకు 1997లో నోబెల్ వచ్చింది. బ్లాక్ అంతకు రెండేళ్ల ముందే కన్నుమూశారు.

బ్యాంకులో ఈ వెల కట్టే మోడల్‌ను రాసేవాళ్లు ఒక బృందం. వాళ్లు బ్యాంకు తరఫున కొనుగోళ్లు, అమ్మకాలు జరిపే ట్రేడింగ్ డెస్కుకు ఆనుకుని ఉంటారు, వాళ్ల అంకె నిమిషాల్లో ఖాతాదారుకు చెప్పే ధర అవుతుంది. ఆ మోడల్ సరైనదేనా అని విడిగా కూర్చుని పరీక్షించేవాళ్లు రెండో బృందం, దీన్నే మోడల్ వాలిడేషన్ అంటారు. బ్యాంకు ఇచ్చిన మాటలన్నీ ఒక్కసారిగా మెడకు చుట్టుకుంటే ఎంత నష్టం రావచ్చో చూసేది మార్కెట్ రిస్క్ బృందం. పత్తి ఉదాహరణనే కొంచెం పొడిగిస్తే వీళ్ల పనుల తేడా కనిపిస్తుంది. సీసీఐ పూర్తి మద్దతు ధర ఇచ్చేది తేమ 8 శాతం ఉన్నప్పుడు. 12 శాతం దాకా కోత పెట్టి తీసుకుంటుంది, అంతకు మించితే తిప్పి పంపుతుంది. మొదటి బృందం మోడల్ రాసేటప్పుడు లెక్క సులువు కావడానికి ఈ తేమ షరతును వదిలేసిందనుకుందాం. వానలు ఆలస్యంగా పడ్డ ఏడాది ధర పడిపోయి, పత్తి తడిసి, హక్కు ఉండి కూడా వాడుకోలేని స్థితి వస్తుంది. ఆ సంగతి ముందే పట్టుకుని, ‘ఈ వెల అన్ని రోజులకూ పనికిరాదు’ అని రాతపూర్వకంగా చెప్పడమే వాలిడేషన్ చేసేవాళ్ల పని. సమీకరణం సరిగా విప్పారా లేదా అని చూడటం అందులో చిన్న భాగం మాత్రమే.

ఆ మాట గట్టిగా చెప్పకపోతే ఏమవుతుందో 2012లో అమెరికా బ్యాంకు జేపీ మోర్గాన్ చేజ్‌లో తేలింది. లండన్‌లో ఆ బ్యాంకు చీఫ్ ఇన్వెస్ట్‌మెంట్ ఆఫీసు నడిపిన క్రెడిట్ డెరివేటివ్‌ల (అప్పులు తిరిగి రాకపోయే ప్రమాదం మీద రాసుకునే ఒప్పందాల) వ్యాపారంలో సుమారు 620 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. నష్టం మొత్తం మోడల్ వల్లే రాలేదు గాని, ప్రమాదం ఎంత పెద్దదో కనిపించకుండా చేసింది మాత్రం ఆ ఏడాది జనవరిలో ఆమోదం పొందిన కొత్త వాల్యూ ఎట్ రిస్క్ మోడల్, అంటే నష్టం మామూలుగా ఏ గీత దాటదో లెక్కగట్టే మోడల్. అది ఎక్సెల్ షీట్ల మీద నడిచేది, అంకెలను ఒక షీటు నుంచి ఇంకో షీటుకు చేత్తో కాపీ చేసేవారు. 2013 జనవరిలో బ్యాంకు బయటపెట్టిన అంతర్గత నివేదిక ప్రకారం, కొత్త రేటు నుంచి పాత రేటును తీసివేశాక, వచ్చిన తేడాను రెండింటి సగటుతో భాగించవలసిన చోట రెండింటి మొత్తంతో భాగించారు. పాత రేటు 2, కొత్త రేటు 2.2 అనుకుంటే తేడా 0.2. దాన్ని సగటు అయిన 2.1తో భాగిస్తే సుమారు 9.5 శాతం, మొత్తం అయిన 4.2తో భాగిస్తే 4.8 శాతం కన్నా తక్కువ. ఊగిసలాట ఉన్నదాంట్లో సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. ఇంటర్ విద్యార్థి కూడా చూడగానే పట్టుకోగల తప్పు ఇది. అయినా అది పరీక్షను దాటి పోయింది. కొత్త మోడల్ త్వరగా కావాలని వ్యాపార విభాగం ఒత్తిడి చేసిందని, పరీక్షించే బృందం ఆ ఒత్తిడికి తన పనిని తొందరగా ముగించిన సూచనలు ఉన్నాయని ఆ నివేదికే చెప్పింది. ఉద్యోగాన్ని ఎంచుకునేవాళ్లకు ఇందులో నేరుగా పనికొచ్చే విషయం ఉంది: వాలిడేషన్ బృందానికి ‘కాదు’ అనే అధికారం కాగితం మీద ఉండటం వేరు, నిజంగా ఉండటం వేరు.

ఇప్పుడు హైదరాబాద్‌లో దొరికే క్వాంట్ ఉద్యోగాల్లో వాలిడేషన్, రిస్క్ పనులు ఇంతగా ఉండటానికి నియంత్రణ సంస్థలు విధించిన నియమాలు పెద్ద కారణం. మార్కెట్ రిస్కుకు ఎంత మూలధనం పక్కన పెట్టాలో సొంత మోడళ్లతో లెక్కగట్టుకునే వీలును, బ్యాంకులకు అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందించే బేసెల్ కమిటీ 1996లో బ్యాంకులకు ఇచ్చింది. 2008 సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసిన తర్వాత ఆ మోడళ్లను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న తలెత్తింది. 2010లో అమెరికా తెచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టంలోని వోల్కర్ నియమం బ్యాంకులు సొంత లాభం కోసం జూదంలా ట్రేడింగ్ చేయడాన్ని కట్టడి చేసింది. 2011లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ తదితర సంస్థలు ఎస్ఆర్ 11-7 పేరుతో ఇచ్చిన మార్గదర్శకాలు, మోడల్ రాసినవాళ్లతో సంబంధం లేని వాళ్లే దాన్ని పరీక్షించాలన్న పద్ధతిని స్థిరపరిచాయి. 2019లో బేసెల్ కమిటీ ఖరారు చేసిన కొత్త మార్కెట్ రిస్క్ నియమాలు 99 శాతం వాల్యూ ఎట్ రిస్క్ స్థానంలో 97.5 శాతం ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్‌ను పెట్టాయి. మొదటిది ప్రమాదం గీత ఎక్కడుందో చెబితే, రెండోది గీత దాటాక సగటున ఎంత లోతుకు పడతామో చెబుతుంది. ప్రతి మార్పుకూ వందల మోడళ్లను తిరగరాయాలి, పరీక్షించాలి, నివేదికలు రాయాలి. ఆ పనికి గణితం బాగా వచ్చిన మనుషులు పెద్ద సంఖ్యలో కావాలి. హైదరాబాద్, బెంగళూరు, ముంబైలలోని కేంద్రాలకు ఈ పని రావడానికి తక్కువ జీతాలు ఒక కారణం అయితే, అంతమంది దొరకడం మరో కారణం.

కాబట్టి వాలిడేషన్ ఉద్యోగం అనగానే రెండో రకం పనిగా తీసిపారేయడం తప్పు. క్యాంపస్‌లలో ఈ అభిప్రాయం బలంగా ఉంది, ‘ఫ్రంట్ ఆఫీస్’ (ట్రేడింగ్ డెస్కు పక్కన ఉండే పని) అయితేనే అసలు క్వాంట్ అన్న మాట తరచు వినిపిస్తుంది. నిజానికి చదువు ముగించి వచ్చిన మనిషికి మంచి వాలిడేషన్ బృందం కన్నా మంచి బడి దొరకడం కష్టం. మోడల్ రాసే బృందంలో చేరినవాళ్లు రెండేళ్లపాటు ఒకే రకం ఉత్పత్తి మీద, ఒకే కోడ్‌లోని ఒక మూల కూర్చోవచ్చు. వాలిడేషన్‌లో ఉన్నవాళ్లు ఆరు నెలలకొకసారి వడ్డీ రేట్ల నుంచి విదేశీ మారకానికి, అక్కడి నుంచి క్రెడిట్‌కు మారుతూ, ఇతరులు రాసిన పదుల మోడళ్ల లోపలి భాగం చూస్తారు. అయితే ఈ మాట వర్తించేది బృందం సొంతంగా మరో మోడల్ కట్టి, అసలు మోడల్‌తో పోల్చి చూసే చోటే. ముందే తయారుగా ఉన్న పట్టికలో అవును, కాదు అని టిక్కులు పెట్టి, న్యూయార్క్‌లో ఎవరో రాసిన ముగింపుకు అనుబంధాలు జోడించే పని కూడా అదే పేరుతో ఉంది. అది ఒప్పుకోదగ్గ ఉద్యోగం కాదు, జీతం ఎంత ఉన్నా.

నైపుణ్యం బయట చెల్లుతుందా అన్నది కూడా చూసుకోవాలి. పెద్ద బ్యాంకులకు సొంత సాఫ్ట్‌వేర్ వేదికలు ఉన్నాయి. గోల్డ్‌మన్ శాక్స్‌కు సెక్‌డీబీ, దాని కోసం ఆ సంస్థే తయారు చేసుకున్న స్లాంగ్ అనే భాష ఉన్నాయి. జేపీ మోర్గాన్‌కు అథీనా, బ్యాంక్ ఆఫ్ అమెరికాకు క్వార్ట్జ్ ఉన్నాయి, ఈ రెండూ పైథాన్ మీద నడుస్తాయి. సొంత భాషలోనే రోజంతా గడిచే చోట నాలుగేళ్లు పనిచేస్తే, ఆ గోడల అవతల అందులో కొంత భాగానికి విలువ ఉండదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లను ‘రోజువారీ కోడ్ ఏ భాషలో, దాన్ని లైవ్‌లో పెట్టేది ఎవరు’ అని అడిగితే ఈ సంగతి చాలావరకు బయటపడుతుంది.

ఇక డబ్బు. 30 లక్షల సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అని రాసిన ఒక ఆఫర్‌ను ఉదాహరణకు విప్పి చూద్దాం. ఇందులో స్థిరమైన జీతం 21 లక్షలు, దానిలో బేసిక్ 10 లక్షలు. బేసిక్ మీద యాజమాన్యం కట్టే 12 శాతం పీఎఫ్ 1.2 లక్షలు, గ్రాట్యుటీ కింద చూపే 4.81 శాతం సుమారు 48 వేలు, బీమా మరో 32 వేలు. పనితీరు బోనస్ 4 లక్షలు, జాయినింగ్ బోనస్ 3 లక్షలు. నెలకు రెండున్నర లక్షలు వస్తాయని కుటుంబం అనుకుంటుంది. 2025-26 కొత్త పన్ను విధానంలో 21 లక్షల నుంచి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే పన్ను లెక్కకు వచ్చేది 20.25 లక్షలు. దాని మీద పన్ను 2,06,250, నాలుగు శాతం సెస్సుతో కలిపి 2,14,500. ఉద్యోగి వాటా పీఎఫ్ 1.2 లక్షలు పోను ఏడాదికి 17,65,500 మిగులుతుంది, అంటే నెలకు సుమారు 1 లక్షా 47 వేలు. జాయినింగ్ బోనస్ మొదటి ఏడాదికే పరిమితం, గడువు లోపల మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు సాధారణంగా ఉంటుంది. పనితీరు బోనస్ అనేది ఆశ మాత్రమే, హామీ కాదు. గ్రాట్యుటీ శాశ్వత ఉద్యోగికి అయిదేళ్లు నిండితే గాని చేతికి రాదు. ఎడ్యుకేషన్ లోన్ కిస్తీ, హైదరాబాద్‌లో అద్దె, ఊళ్లో అమ్మానాన్నలకు పంపే డబ్బు ఈ 1.47 లక్షల్లోంచే పోవాలి. ఇది తక్కువ అని చెప్పడం కాదు, ఈ ప్రాంతంలో ఇది ఒక ఇంటి దశ మార్చగల ఆదాయం. అయితే 27 లక్షల స్థిర జీతం ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఆఫర్‌ను, 30 లక్షల బ్యాంకు ఆఫర్‌ను పక్కపక్కన పెట్టి మూడు లక్షల తేడా అనుకుంటే లెక్క తలకిందులవుతుంది.

పెద్ద బ్యాంకు కాబట్టి నిలబడుతుందన్న నమ్మకం కూడా పాక్షికమే. 1856లో పుట్టిన క్రెడిట్ స్విస్ 2021లో ఆర్కెగోస్ అనే ఒకే ఒక్క ఖాతాదారు వల్ల సుమారు 550 కోట్ల డాలర్లు పోగొట్టుకుని, 2023 మార్చి 19న కుదిరిన ఒప్పందంతో మరో స్విస్ బ్యాంకు యూబీఎస్‌ చేతిలోకి వెళ్లింది. వాయిదా వేసి తర్వాత ఇస్తామన్న బోనస్‌లను స్విస్ ప్రభుత్వం కొందరికి నిలిపివేసి, పై స్థాయి మేనేజర్లకు రద్దు చేసింది, లేదా తగ్గించింది. బోనస్‌లో కొంత భాగం మూడేళ్లలో విడతలుగా వచ్చే షేర్ల రూపంలో ఉంటే దాన్ని ఇంటి అప్పు లెక్కలో కలుపుకోకూడదు.

పని వేళల సంగతి అభ్యర్థులు ఆలస్యంగా గ్రహిస్తారు. లండన్ మార్కెట్ ఉదయం 8 గంటలకు తెరిస్తే మనకు వేసవిలో మధ్యాహ్నం 12.30, చలికాలంలో 1.30. న్యూయార్క్‌లో ఉదయం 9.30 అంటే మనకు రాత్రి 7 లేదా 8. ట్రేడింగ్ డెస్కుకు దగ్గరగా ఉన్న పనిలో ప్రశ్నలు సాయంత్రం మొదలై రాత్రి దాకా వస్తూనే ఉంటాయి. వాలిడేషన్‌లో వారానికి కొన్ని కాల్స్ తప్ప ఈ బెడద తక్కువ. హైదరాబాద్ అయితే శనివారం పొద్దున రైలెక్కి కాజీపేటలో దిగి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరవచ్చు, ముంబై అయితే ఆ మాట మరచిపోవాలి. తండ్రికి డయాలసిస్ జరుగుతున్న ఇంట్లోనో, ఒక్కగానొక్క సంతానం ఉన్న ఇంట్లోనో ఈ దూరం జీతంలో తేడా కన్నా బరువైన విషయం, దాన్ని భావోద్వేగం కింద కొట్టిపారేయడం న్యాయం కాదు.

పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్లకు రెండేళ్ల బ్యాంకు పని అడ్డు కాదు, సమస్యలు ఎక్కడ పుడతాయో అక్కడే తెలుస్తుంది. కానీ జీతానికి అలవాటు పడ్డ కుటుంబం తిరిగి స్టైపెండ్‌కు ఒప్పుకోవడం కష్టమని ముందే అనుకోవాలి. సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థలు ఇంతకన్నా చాలా ఎక్కువ ఇస్తాయి, అంతే వేగంగా ఇంటికి పంపుతాయి కూడా.

ఆఫర్ లెటర్ వెనక పేజీల్లో ఉండే షరతుల మీద అనవసరమైన భయమూ, అనవసరమైన ధీమా రెండూ ఉన్నాయి. ఉద్యోగం మానేశాక పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. అలాగని అన్ని షరతులూ ఉత్తవే అనుకోకూడదు. కనీసం మూడేళ్లు పనిచేయాలి, లేకపోతే 2 లక్షలు కట్టాలన్న అప్పటి ప్రభుత్వరంగ విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పు చెప్పింది. ఉద్యోగం మానేశాక బతుకుదెరువును అడ్డుకునే షరతు వేరు, ఉద్యోగంలో ఉండగా వర్తించే బాండు వేరు అన్నది ఆ తీర్పులోని తర్కం. నోటీసు కాలం మూడు నెలలు ఉంటే తర్వాతి ఉద్యోగం ఇచ్చేవాళ్లు అంతకాలం ఆగుతారా అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ ప్రశ్నలు అడగడానికి సరైన సమయం ఆఫర్ వచ్చాక కాదు. చాలా కళాశాలల ప్లేస్‌మెంట్ నియమాల్లో ఒక ఆఫర్ అందుకున్న విద్యార్థికి తర్వాతి కంపెనీల ఇంటర్వ్యూలకు అవకాశం ఉండదు, అందువల్ల బృందం పేరు తెలియకుండా ఇంటర్వ్యూకు కూర్చోవడమే దాదాపు ఒప్పుకోవడంతో సమానం. ప్రీ-ప్లేస్‌మెంట్ టాక్ రోజున చేయి ఎత్తి, ‘పోయిన ఏడాది మీ బృందం ఏ మోడల్‌నైనా తిప్పి పంపిందా, పంపితే తర్వాత ఏమైంది’ అని అడగవచ్చు. నిజంగా పరీక్షించే బృందం నుంచి వచ్చినవాళ్లు బ్యాంకు రహస్యాలు బయటపెట్టకుండానే ఏదో ఒక ఉదంతం చెబుతారు, ఎందుకంటే అలాంటి గొడవలే వాళ్ల పనిలో గుర్తుండిపోయేవి. సమాధానంగా ప్రక్రియ గురించి స్లైడు మాత్రమే చూపిస్తే, అదే బృందంలో రెండేళ్లు చేసి బయటికి వచ్చిన సీనియర్ ఒకరిని వెతికి ఫోన్ చేయడం మేలు. వాళ్లను జీతం గురించి అడగనక్కర్లేదు. చేరిన మొదటి ఏడాదిలో సొంతంగా కట్టిన మోడల్ ఒకటైనా ఉందా, దాని అంకెను చూసి డెస్కులో ఎవరైనా ఒక్కసారైనా తమ నిర్ణయం మార్చుకున్నారా అని అడిగితే సరిపోతుంది.